పెళ్లి పని ఎవరు మోశారు? నానమ్మ నోటుబుక్కు నుంచి చెల్లె ఫోన్ దాకా

ఈసారి స్టూడియో లేదు, వెనకాల లైట్లు లేవు. మహేశ్వరంలో మా ఇంటి అరుగు మీద కూర్చొని మాట్లాడుతున్నా. మధ్యలో కోడి కూసినా, స్కూల్ బస్సు హారన్ కొట్టినా ఏమనుకోకండి.

మామూలుగా నేను కోటలు, శాసనాలు, రాజుల గురించి చెప్తుంటాను కదా. ఇవాళ పెళ్లి గురించి. కారణం మా చెల్లె. పోయిన మాఘంలో దానికి సంబంధం ఖాయమైంది. లగ్గం ఫాల్గుణంలో. అంటే చేతిలో ఉన్నది దగ్గర దగ్గర 40 రోజులు. ఒకరోజు రాత్రి ఒంటిగంటకు నీళ్లు తాగుదామని లేస్తే, డాబా మీద ఒక్కతే ఫోన్ పట్టుకొని కూర్చుంది. ఫోన్‌లో ఒక లిస్టు. 143 పనులు. హాలు, క్యాటరింగ్, డెకరేషన్, మేకప్, హల్దీకి పసుపు రంగు డ్రెస్సులు, సంగీత్‌కి స్టెప్పులు, ప్రీ వెడ్డింగ్ షూట్, రిటర్న్ గిఫ్టులు, డ్రోన్. నన్ను చూసి ఒకటే మాట అన్నది. "అన్నా, పిల్లగాడు మంచోడే. పెళ్లే వద్దనిపిస్తుంది."

నవ్వుదామనుకున్నా, నవ్వు రాలేదు. ఎందుకంటే కింద ఇంట్లో ఇంకో సంగతి నడుస్తున్నది. తుక్కుగూడ దిక్కు మాకున్న చిన్న ప్లాటు అమ్మేద్దామా, లేక దాని మీద అప్పు తీసుకుందామా అని నాయిన లెక్కలు వేస్తున్నాడు. ఔటర్ రింగ్ రోడ్డు, ఎయిర్‌పోర్టు వచ్చినప్పటి నుంచి మా దిక్కు భూమి రేటు పెరిగింది, దాంతోపాటు పెళ్లి రేటు కూడా పెరిగింది. భూమి ఉన్నోడు హాలు పెద్దది చూడాలి, లేకపోతే చుట్టాలు ఏమంటరు అనే లెక్క.

పొద్దున్నే చాయ్ దగ్గర నానమ్మ అన్నది, "మా లగ్గం మూడొద్దులైంది. మాకెవ్వరికీ గింత పరేషాన్ లేకుండె."

నాకు అక్కడ ఆగిపోయింది. మూడు రోజుల పెళ్లికి లేని పరేషాన్ ఒక్క పూట పెళ్లికి ఎందుకు? ఫ్రిజ్ లేదు, ఫోన్ లేదు, బండి లేదు. మరి ఎట్లా చేశారు? చరిత్ర చదివినోడికి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు. నానమ్మని అడిగితే పెట్టె తీసి ఒక పాత నోటుబుక్కు ఇచ్చింది. ఇదిగో, కెమెరాకి చూపిస్తున్నా. అట్ట పోయింది, అంచులు చెదలు తిన్నాయి. 1964లో ఆమె లగ్గానికి కట్నాలు రాసిన పుస్తకం ఇది. మీ ఇళ్లలో కూడా ఉంటుంది, వెతకండి. చదివింపులు అంటారు కొన్నిచోట్ల. ఎవరు ఎంత పెట్టారో రాసుకుంటారు, రేపు వాళ్లింట్లో లగ్గమైతే అంతకు కొంచెం కలిపి తిరిగి పెడతారు. మనం ఇప్పుడు దీన్ని గిఫ్ట్ అంటున్నాం గానీ, నిజానికి ఇది ఊరంతా కలిసి నడిపిన వడ్డీలేని చిట్టీ. పెళ్లి ఖర్చు ఒక్క ఇంటి మీద ఒక్కసారిగా పడకుండా, ఇరవై ముప్పై ఏళ్ల మీద పరిచే ఏర్పాటు.

ఈ పుస్తకంలో ఉన్నది డబ్బులు మాత్రమే కాదు. ఒక ఇంటి నుంచి కుంచెడు బియ్యం, ఇంకో ఇంటి నుంచి అడ్డెడు కందిపప్పు, ఒకరు రెండు ఎడ్లబండ్లు మూడొద్దులకు, ఒకరు గుమ్మడికాయలు. మోదుగాకు ఇస్తార్లు ఇంతమంది ఆడవాళ్లు కుట్టారు అని కూడా ఉంది. మేనమామ తెచ్చింది వేరే పేజీ. అంటే నానమ్మ వాళ్ల నాయినకి 143 పనుల లిస్టు అవసరం పడలేదు. లిస్టు ఊరి నోట్లో ఉంది. ఎవరి పని ఏందో పుట్టుకతోనే తెలుసు.

ముహూర్తాలు కూడా అట్లే కుదిరేవి. ఆషాఢంలో లగ్గాలు పెట్టరు, భాద్రపదంలో పెట్టరు, పుష్యంలో పెట్టరు, మూఢంలో అసలే పెట్టరు. శాస్త్రం సంగతి పంతులుగారిని అడగండి. కానీ మా పెద్దోళ్లు చెప్పే లెక్క ఇంకోటి ఉంది. ఆషాఢమంటే విత్తనం వేసే టైం, ఇంటి మనుషులంతా చేన్ల ఉండాలి. పంట ఇంటికొచ్చి, ఎడ్లు ఖాళీగా ఉండి, ఎండాకాలం ఆరుబయట పండుకోవడానికి వీలయ్యే రోజుల్లోనే లగ్గాలు పెట్టుకుంటే చుట్టాలకు మంచాలు కూడా అక్కర్లేదు. ఇప్పుడు మనకు చేను లేదు, ఎడ్లు లేవు, ముహూర్తాలు మాత్రం అవే ఉన్నాయి. అందుకే ఒకే రోజు వేల పెళ్లిళ్లు పడతాయి, ఆ రోజు హాలు వాళ్లు చెప్పిందే రేటు.

ఇంతవరకు వింటే అబ్బ, పాత రోజులు ఎంత బాగుండె అనిపిస్తుంది. నాకూ అనిపించింది. తర్వాత చివరి రెండు పేజీలు చదివాను.

చివరి రెండు పేజీల్లో పని చేసినోళ్ల లెక్క ఉంది. ముందు పేజీల్లో ప్రతి లైన్‌లో మనిషి పేరు, ఇంటి పేరు, ఊరు పేరు. చివరి పేజీల్లో పేర్లు లేవు. "సాకలి – చీర 1, బియ్యం అడ్డెడు." "మంగలి – ధోతి 1." "కుమ్మరి – ఐరేని కుండలకు, బియ్యం, బెల్లం." "డప్పు – ముగ్గురు." అంతే. కులం పేరే మనిషి పేరు. రూపాయి చదివించిన దూరపు చుట్టానికి పేరుంది. మూడు రోజులు తెల్లారుజాము నుంచి అంట్లు తోమి, దివిటీ పట్టి, పెళ్లి బట్టలు ఉతికినామెకి పేరు లేదు.

ఇది 1964 సంగతి. అప్పటికి వెట్టి పోయింది. మరి అంతకు ముందు?

హైదరాబాద్ సంస్థానంలో, ముఖ్యంగా జాగీర్దార్ల కింద, దేశ్‌ముఖ్‌ల కింద ఉన్న ఊళ్లలో, దొర ఇంట్లో లగ్గమంటే ఊరి మీద పన్ను పడ్డట్టే. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఈ వెట్టి లిస్టు చదివితే మా చెల్లె 143 పనుల లిస్టు చిన్నగా కనిపిస్తుంది. గొల్లకురుమలు మందలో నుంచి గొర్రెలు ఇవ్వాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి. గీత కార్మికులు కల్లు పోయాలి. సాలోళ్లు బట్టలు ఇవ్వాలి. చెప్పులు కుట్టేవాళ్లు చెప్పులు, మోకులు ఇవ్వాలి. బెస్తవాళ్లు పల్లకీలు మోయాలి. కూలీ లేదు. రైతులు పైనుంచి నజరానా కూడా కట్టాలి. ఇవాళ మనం ప్యాకేజీ అంటున్నామే, ఫుడ్, డెకరేషన్, ట్రాన్స్‌పోర్ట్ అన్నీ కలిపి? దొర గడీకి ఆ ప్యాకేజీ అప్పుడే ఉంది, బిల్లు మాత్రం లేదు.

ఇంకో సంగతి ఉంది, చెప్పడానికి నోరు రాదు గానీ చెప్పాలి. దొరల ఇళ్లలో ఆడబాపలు అని ఉండేవాళ్లు. దాసీ ఆడపిల్లలు. దొర బిడ్డకి పెళ్లి చేసి అత్తారింటికి పంపేటప్పుడు, చీరలతో, సామానుతో పాటు ఈ ఆడపిల్లల్ని కూడా వెంట పంపేవాళ్లు. ఒక పిల్ల పెళ్లి సామాన్లలో ఇంకో పిల్ల ఒక వస్తువు. సుందరయ్య పుస్తకంలో ఇది కూడా రాసి ఉంది. నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కొంచెంసేపు బయట తిరిగొచ్చాను.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ తర్వాతి ఏళ్లలో వెట్టి వద్దు అనే మాట ఆ వేదికల మీద నుంచి ఊళ్లలోకి పాకింది. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయిన తర్వాత జరిగింది మీకు తెలుసు. చాలా ఊళ్లలో సాకలి, మంగలి, కుమ్మరి మేం ఊరికే చేయం అని గడీ గేటు ముందే చెప్పేశారు. చరిత్ర పుస్తకాల్లో దీన్ని భూమి పోరాటం అని చదువుతాం, నిజమే. కానీ పెళ్లి చరిత్రలో కూడా ఇది పెద్ద మలుపు. ఆరోజు నుంచి తెలంగాణలో పెద్దింటి పెళ్లికి మొదటిసారి ఖర్చు అయింది.

మళ్లీ నానమ్మ దగ్గరికి వచ్చాను. మాది గడీ కాదు, చిన్న రైతు ఇల్లు. అయినా అడిగాను, "మీకు పరేషాన్ లేదన్నవ్ గదా, మరి సాకలామెకి లేకుండెనా?" నానమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆమెకు నిద్ర యాడిది బిడ్డా" అన్నది.

సరే. ఇప్పుడు ఇంకో వైపు నుంచి చూద్దాం. ఊరు మొత్తం సాయం చేస్తేనే పెళ్లి అవుతుందంటే, ఊరు మొత్తం మేం చేయం అని తిరగబడితే పెళ్లి ఆగిపోతుందా? దీనికి జవాబు మన దగ్గర తేదీతో సహా ఉంది. 1881 డిసెంబర్ 11, రాజమండ్రి.

కందుకూరి వీరేశలింగం పంతులు పేరు పదో తరగతి పుస్తకంలో చదివి వదిలేసుంటారు. గోదావరి ఒడ్డున బడిపంతులు. వితంతువులకు మళ్లీ పెళ్లి చేయాలని రాశారు, ఉపన్యాసాలు ఇచ్చారు. చట్టం ఆయన కంటే ముందే ఉంది, 1856 నుంచి. చట్టం ఉన్నా 25 ఏళ్లు తెలుగు గడ్డ మీద ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరికి ఒక పిల్ల దొరికింది, గౌరమ్మ. చిన్నప్పుడే పెళ్లి చేశారు, చిన్నప్పుడే భర్త పోయాడు. వరుడు గోగులపాటి శ్రీరాములు. పెళ్లి పంతులుగారి ఇంట్లోనే.

ఇక్కడ మనం సంస్కరణ, ఉద్యమం అనే పెద్ద మాటలు పక్కన పెడదాం. పెళ్లి ఏర్పాట్లు చూసే మనిషిలాగా ఆలోచించండి. నీళ్లు మోసేవాళ్లు రారు. వంటవాళ్లు రారు. పురోహితుడు దొరకడం కష్టం. పిలిచిన చుట్టాలు రారు, ఎందుకంటే వస్తే వెలి వేస్తారు. వచ్చి భోజనం చేసినవాళ్లు తర్వాత ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. దారిలో గొడవ జరుగుతుందని భయం. ఇంతకంటే పెద్ద వెడ్డింగ్ స్ట్రెస్ ఉంటుందా?

ఎట్లా చేశారో చూడండి. నీళ్ల పని ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ మీద వేసుకుంది. గోదావరి నుంచి నీళ్లు తానే మోసింది, వంట చూసుకుంది. డబ్బు కాకినాడ వ్యాపారి పైడా రామకృష్ణయ్య ఇచ్చారు. కాపలా పంతులుగారి విద్యార్థులది. మీ వయసు పిల్లలు, ఇంటి చుట్టూ, వీధిలో నిలబడ్డారు. గొడవ కాకుండా పోలీసు బందోబస్తు. అంతే. అంత హడావుడిలో పెళ్లి అయింది. నాలుగు రోజులకి, డిసెంబర్ 15న, రెండో వితంతు వివాహం కూడా చేసేశారు!

నాకు ఇందులో నచ్చేది ఏంటంటే, పని పంచుకున్నది పుట్టుకతో కాదు, కులంతో కాదు. ఈ పెళ్లి జరగాలి అనుకున్నవాళ్లు తలా ఒకటి తీసుకున్నారు. ఇంకోటి, లిస్టు చిన్నదైపోయింది. మనుషులు తక్కువైనప్పుడు ఏది లేకపోతే పెళ్లి కాదో అది మాత్రమే మిగిలింది. రాజ్యలక్ష్మమ్మకి మాత్రం మనం ఇంకా సరిగ్గా లెక్క తీర్చలేదు. వీధి వీధికి పంతులుగారి విగ్రహాలున్నాయి, బిందె మోసినామె గురించి రెండు లైన్లు ఉంటాయి.

ఈ రాజమండ్రి కథ చెల్లెకి చెప్పాను. అది ఫోన్ పక్కన పెట్టి, "అయితే ఏది లేకపోతే పెళ్లి కాదు అన్నా? నిజంగా చెప్పు" అని అడిగింది. అక్కడ మొదలైంది మా పని. మేము చేసింది ఏంటంటే, లిస్టులో ప్రతి ఐటెం పక్కన దాని పుట్టిన తేదీ రాయడం. ఇది ఎప్పుడు పుట్టింది? ఎక్కడ పుట్టింది? మన ఇంట్లోకి ఎప్పుడొచ్చింది? నేను చరిత్ర చూస్తా, అది నిర్ణయం తీసుకుంటుంది.

సప్తపది. గృహ్యసూత్రాల్లో ఉంది, రెండు వేల ఏళ్ల పైమాట. చట్టంలో కూడా ఉంది. 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం, రెండు పక్షాల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరగాలి, ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ సెక్షన్ గురించే మాట్లాడుతూ, పెళ్లంటే ఆటపాటల, తిండి తాగుడు కార్యక్రమం కాదు అనే అర్థంలో చెప్పింది. తంతు లేకుండా ఉత్త సర్టిఫికెట్ తెచ్చుకున్నా చెల్లదని కూడా చెప్పింది. మా చెల్లె ఆ వార్త రెండుసార్లు చదివి, "డ్రోన్ గురించి సెక్షన్ ఏమన్నా ఉందా?" అన్నది. లేదు.

తాళి. ఇది వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. పాత గృహ్యసూత్రాల్లో తాళి కట్టడం లేదు. తర్వాత వచ్చింది. మన తెలుగోళ్లు అసలు ముహూర్తం అనుకునే జీలకర్ర బెల్లం కూడా ఆ సూత్రాల్లో లేదు, అది మన ప్రాంతం ఆచారం. తక్కువదని కాదు, మనకి అదే ప్రాణం. కానీ అనాదిగా అని మైకులో వినిపించే ప్రతిదీ ఒకే వయసుది కాదు అని తెలిస్తే కొంచెం గాలి ఆడుతుంది.

కట్నం. "ఎప్పటినుంచో ఉన్నదే గదా" అంటారు. గురజాడ అప్పారావు కన్యాశుల్కం మొదటిసారి 1892లో విజయనగరంలో ఆడారు. ఆ నాటకం పేరే ఆడపిల్లకి ఇచ్చే డబ్బు గురించి. విజయనగరం మహారాజు విశాఖ జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన అలాంటి పెళ్లిళ్ల లెక్క తీయిస్తే 1034 తేలాయని గురజాడ ముందుమాటలో రాశారు. అంటే అక్కడ, ఆ కాలంలో, డబ్బు మగపెళ్లివారి నుంచి ఆడపెళ్లివారికి వెళ్లేది. రెండూ దుర్మార్గమే, ఒకటి పిల్లని అమ్మడం, ఇంకోటి పిల్లాడిని కొనడం. కానీ డబ్బు దిక్కు మారిందంటే, అది దేవుడు రాసింది కాదు కదా. 1961 నుంచి కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరం. మా దగ్గర ఒక పెద్దమనిషి కారు ఊసెత్తాడు. చెల్లె నేరుగా పిల్లగాడికే ఫోన్ చేసి మాట్లాడింది. ఆ ఊసు మళ్లీ రాలేదు.

ముత్యాల తలంబ్రాలు. ఇది మా ఊరికి కొంచెం దగ్గరి చుట్టం. మా మహేశ్వరంలో శివగంగ రాజరాజేశ్వరస్వామి గుడి, కోనేరు ఉన్నాయి కదా, ఇక్కడ అక్కన్న మాదన్నల పేరు చెప్పుకుంటాం. గోల్కొండ తానీషా దగ్గర మంత్రులు. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న, అదే మన రామదాసు, వాళ్లకి మేనల్లుడు. భద్రాద్రి కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు, పట్టుబట్టలు పంపే ఆచారం తానీషా కాలం నుంచి వస్తున్నదని చెప్తారు, ఇప్పటికీ పంపుతున్నారు. రాముడి పెళ్లికి ముత్యాలు సరే. మా చెల్లెకి ఎవరో ఆన్‌లైన్‌లో ముత్యాల తలంబ్రాల సెట్ అని చూపించిన రేటుకు రెండు బస్తాల బియ్యం వస్తాయి. తలంబ్రాలంటే తల మీద పోసే బియ్యం. పసుపు కలిపిన బియ్యం చాలు అనుకున్నాం.

ఇంక హల్దీ, సంగీత్. నలుగు, మంగళస్నానం మన దగ్గర ఎప్పుడూ ఉన్నాయి, మైలపోలు తీసేటప్పుడు పసుపు పూస్తాం. అందరూ ఒకే రంగు బట్టలు వేసుకొని కెమెరా ముందు పూసుకోవడం ఉత్తరాది నుంచి, సినిమాల నుంచి, చివరికి మన ఫోన్ల నుంచి వచ్చింది. ప్రీ వెడ్డింగ్ షూట్ పుట్టిన తేదీ దగ్గర చెల్లె తనే రాసింది, "నా కంటే చిన్నది." తీసేసింది. సంగీత్ మాత్రం ఉంచింది. దానికి ఆడడం ఇష్టం. పాతదైతే ఉంచాలి, కొత్తదైతే తీసేయాలి అనే రూలు మాకు లేదు. ఎందుకు ఉందో తెలిసి ఉంచాలి, అంతే.

చిన్న పెళ్లి చేస్తే మన ఇజ్జత్ పోతుందని నాయిన భయం. ఆయనకి నేను రెండు సంగతులు చెప్పాను. ఒకటి, త్రిపురనేని రామస్వామి చౌదరి. 1943లో చనిపోయారు. సంస్కృతం మంత్రాలు పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ అర్థం కావట్లేదని తెలుగులోనే వివాహవిధి రాసి, తానే పెళ్లిళ్లు చేయించారు. రెండోది దండల పెళ్లిళ్లు. కమ్యూనిస్టు ఉద్యమం ఉన్న పల్లెల్లో రెండు పూలదండలు, నాలుగు మాటలు, చాయ్. అయిపోయింది. అలా చేసుకున్నవాళ్లని ఎవరూ ఇజ్జత్ లేనోళ్లు అనలేదు. నాయిన విన్నాడు గానీ కరగలేదు. "వాళ్లు లీడర్లు. మనం చుట్టాల మధ్య బతకాలె" అన్నాడు. ఆయన మాటలోనూ నిజముంది. పెళ్లి ఇద్దరిదే అని మనం స్టేటస్‌లు పెడతాం గానీ, రేపు మా నాయినకి ఒంట్లో బాగాలేకపోతే దవాఖానకు తీసుకుపోయేది ఆ చుట్టాలే. నోటుబుక్కులో రాసుకున్న బాకీ అదే.

ఆయన్ని కదిలించింది చరిత్ర కాదు, 2020. కరోనా టైంలో పెళ్లికి 50 మందే అని గవర్నమెంటు రూలు పెట్టింది గుర్తుందా? మా చిన్నాయన కొడుకు లగ్గం అప్పుడే అయింది, వాకిట్లో పందిరి వేసి. మేం నలుగురం వడ్డించాం. "ఆ లగ్గం గురించి ఇప్పటిదాకా ఎవరన్నా ఒక్క మాట అన్నరా నాయినా?" అని చెల్లె అడిగింది. నాయిన కాసేపు గోడ దిక్కు చూసి, "అన్నలే" అన్నాడు. ప్లాటు కాగితాలు బీరువాలో పెట్టాడు. అవి ఇంకా బీరువాలోనే ఉన్నాయి.

మరి మధ్యలో ఏమైంది, ఊరి పెళ్లి ఫోన్‌లోకి ఎట్లా వచ్చింది? ఇది తొందరగా చెప్తా. వెట్టి పోయింది, మంచిదే. తర్వాత కులవృత్తుల వాళ్లు పట్నం పోయారు, వాళ్ల పిల్లలు చదువుకున్నారు, అదీ మంచిదే. వాళ్లు చేసిన పనిని టెంట్ హౌస్ తీసుకుంది, షామియానా, కుర్చీలు, గిన్నెలు. తర్వాత ఫంక్షన్ హాలు వచ్చింది, దాంతో వాకిలి పోయింది. తర్వాత క్యాటరింగ్, దాంతో వడ్డించే చుట్టాలు గెస్టులు అయిపోయారు. తర్వాత ఈవెంట్ వాళ్లు. ఒక్కో మెట్టు దగ్గర పని చేతుల్లో నుంచి పోయింది గానీ, ఎవర్ని పెట్టాలి, ఎంతివ్వాలి, వాళ్లు వస్తారా రారా అని చూసే పని మాత్రం మిగిలింది. ఒకప్పుడు ఊరి బుర్రలో ఉన్న ఆ పని ఇప్పుడు ఒకే మనిషి బుర్రలో, ఒకే ఫోన్‌లో ఉంది. అది కూడా ఎక్కువసార్లు ఆ ఇంటి ఆడపిల్ల ఫోన్‌లో. అందుకే చెల్లె రాత్రి ఒంటిగంటకి డాబా మీద ఉంది. దానికి ధైర్యం తక్కువై కాదు.

కాబట్టి మేము చేసింది పాత పద్ధతికి పోవడం కాదు, ఆ ఫోన్ ఖాళీ చేయడం. 143లో 58 మిగిలాయి. ఆ 58ని తొమ్మిది మందికి పంచాం, రాజమండ్రిలో పంచుకున్నట్టు. ఒక్కొక్కరికి ఒక ముక్క పూర్తిగా. పూర్తిగా అనేది ముఖ్యం. "క్యాటరింగ్ నువ్వు చూడు" అని చెప్పి, గంటకోసారి "మిర్చీ బజ్జీ చెప్పినవా?" అని అడిగితే పని పంచినట్టు కాదు. బాబాయ్‌కి భోజనాలు ఇస్తే బజ్జీ కూడా బాబాయ్‌దే. వదినకి బట్టలు. నాకు హాలు, బండ్లు, రిజిస్ట్రేషన్. మన దగ్గర 2002 చట్టం ప్రకారం పెళ్లి రిజిస్టర్ చేయడం తప్పనిసరి, తర్వాత పాస్‌పోర్టుకో వీసాకో ఉరుకుతారు అందరూ. చెల్లె ఫోన్‌లో మూడే ఉంచాం. దాని చీర, సంగీత్ పాటలు, పిల్లగాడి నంబర్. పిలుపులు 1200 నుంచి 400కి తగ్గించాం. అందుకు ఇద్దరు ముగ్గురు అలిగారు. ఇప్పటికీ మాట్లాడని ఒకాయన ఉన్నాడు, ఈ వీడియో చూస్తే ఆయనకి నా దండం.

అన్నీ సాఫీగా అయ్యాయని చెప్పను. ముందు మాట్లాడుకున్న హాలు వాళ్లు చివరి వారంలో రేటు పెంచారు, అడ్వాన్సులో సగం పోయింది. వేరే చిన్న హాలు చూసుకున్నాం. బరాత్‌లో డీజే ఆగిపోయింది, అరగంట డప్పుల మీదే నడిచింది. నిజం చెప్పాలంటే డీజే కంటే అదే బాగుంది.

లగ్గం తెల్లారి చెల్లె ఒక కొత్త నోటుబుక్కు కొన్నది. కట్నాలు రాసింది, ఫోన్‌పేలో వచ్చినవి కూడా. తర్వాత చివర రెండు పేజీలు వదిలి అక్కడ పని చేసినోళ్లని రాసింది. అంట్లు తోమిన నలుగురు, పందిరి వేసినోళ్లు, డప్పు కొట్టిన ముగ్గురు, హాలు ఊడ్చినామె. పేరు, ఊరు, ఎంతిచ్చాం. డప్పు అన్నను పేరు అడిగితే, "నా పేరెందుకమ్మా?" అని రెండుసార్లు అడిగి చెప్పాడంట.

ఆ రాత్రి నానమ్మకి ఆ పేజీ చదివి వినిపించాను. విని ఊకొట్టింది. "మరి నీ పుస్తకంలో సాకలామె పేరేంది?" అని అడిగితే ఆలోచించింది, గుర్తు రాలేదు. మళ్లీ ఆలోచించింది. పోయి పండుకో అన్నది.

తెల్లారి అయిదింటికి నన్ను తట్టి లేపింది. ఒక పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడ చెప్పను, ఆమె మనవళ్లు ఇదే ఊళ్లో ఉన్నారు, ముందు వాళ్లకి చెప్పాలి. పెన్ను దొరక్క పెన్సిల్‌తో రాశాను, ఇదిగో, 1964 పేజీలో, "చీర 1, బియ్యం అడ్డెడు" పక్కన.